మావయ్య ఊదని విజిల్

మా మావయ్యగారు ముప్పై ఏళ్ళు ఫుట్‌బాల్ రెఫరీగా చేశారు. ఇచ్చిన నిర్ణయం ఒక్కసారి కూడా వెనక్కి తీసుకోలేదని గొప్పగా చెప్పుకుంటారు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. నాలుగోది చూపించే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఈ చలికాలం ఆయన మైదానం మా పెరడు. పొద్దున్నే మఫ్లర్ చుట్టుకుని, గువ్వలకు గింజలు చల్లి, కుర్చీలో కూర్చుంటారు. వాటిలో ఒక కుంటి గువ్వంటే ఆయనకు ప్రాణం. ఆకులు రాలిన చెట్టు మీద డేగ వాలిందా, మెళ్ళోని విజిల్ అందుకుని ఊదేస్తారు. గువ్వలన్నీ ఒక్కసారిగా ఎగిరిపోతాయి. అయినా పదిరోజుల్లో రెండింటిని డేగ తన్నుకుపోయింది.

"ఇంకా గట్టిగా ఊదాలి" అన్నారాయన.

నేను బట్టలు కుడతాను. నా మిషను పెరటి కిటికీ పక్కనే. కాలర్లు కుడుతూ మూడు రోజులు గమనించాను. డేగ గువ్వల వంక చూడటమే లేదు, మావయ్య వంక చూస్తోంది! గువ్వలు వాటంతటవే పొద కింద నక్కబోతాయి. ఈయన ఊదుతారు. అవి బెదిరి గాల్లోకి లేస్తాయి. వెనకబడినదాన్ని డేగ పట్టుకుపోతుంది. నాకు నవ్వు ఆగలేదు. ఆ వెంటనే భయమేసింది. ఈసారి వెనకబడేది కుంటిదే కదా.

"మావయ్యా, ఏమీ అనుకోకండి. అది మీ విజిల్ కోసమే కాచుకుని ఉంటోంది."

"అంటే దానికి నేను భోజనం గంట కొడుతున్నానా?"

"నేనెక్కడన్నానండీ, మీరే అన్నారు."

మూతి ముడుచుకుని కుర్చీ అటువైపు తిప్పుకున్నారు.

మర్నాడు మంచు విడుతుండగా డేగ వచ్చింది. నేను మిషను ఆపేశాను. మావయ్య విజిల్ నోట్లో పెట్టుకున్నారు. బుగ్గలు పొంగాయి. గువ్వలు ఒక్కొక్కటే పొదలోకి జారుకున్నాయి. కుంటిది కుంటుకుంటూ పూలకుండీల మధ్య దూరింది. డేగ మావయ్యను చూసింది, మావయ్య డేగను చూశారు. ఎంతసేపో! ఆయన ఊదలేదు. చివరికి దానికే విసుగొచ్చి ఎగిరిపోయింది.

నేను పెరట్లోకి పరిగెత్తి చప్పట్లు కొట్టాను. మావయ్య పకపకా నవ్వారు. నవ్వుతూనే విజిల్ వంక చూసుకుని ఆగిపోయారు.

"అయితే ఆ రెండూ నా వల్లే పోయాయి కదమ్మా?"

"మీరు కాపాడదామనే ఊదారు మావయ్యా."

"తప్పుగా ఊదిన ప్రతి రెఫరీ అదే అంటాడు" అన్నారు. "నేనూ చాలాసార్లు అన్నాను."