ముప్పై నాలుగు డిగ్రీల మేకులు

అది మార్చి పదకొండు, బుధవారం. పొద్దున రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిన్నాం. రొట్టె ఒకవైపే మాడింది. మా ఇంట్లో అది శుభవార్తే. గుడ్డు పెంకు ఒలుస్తూ మా బావ, అంటే నా భార్య అన్న, మామూలుగా చెప్పాడు.

"రేపు ఆరింటి బస్సుకి వెళ్లిపోతాను బావా. తలుపు లేని బతుకు ఎన్నాళ్లు? అయిదు నెలలుగా దుప్పటి చాటున చొక్కా మార్చుకుంటున్నాను."

నా భార్య పోయాక ఆ ఇంట్లో నాతో పోట్లాడేవాడు ఆయనొక్కడే. ఆయనా వెళ్లిపోతే నేను గోడలతో మాట్లాడుకోవాలి.

"ఇవాళే హాలుకి అడ్డంగా చెక్క గోడ కడదాం, తలుపుతో సహా," అన్నాను.

నా భార్య వడ్రంగి. ఆమె కోసి ఉంచిన కర్రలున్నాయి, ఒక పాత తలుపుంది, గాలి ఒత్తిడితో మేకులు దించే నెయిల్ గన్ ఉంది. మేకులే లేవు. గన్నును పసిబిడ్డలా తువ్వాల్లో చుట్టి దుకాణానికి తీసుకెళ్లాం.

"ఎన్ని డిగ్రీలండీ?" అంది కౌంటర్ దగ్గరి అమ్మాయి.

"ఒకటేనమ్మా. బి.ఎ."

"మీవి కాదండీ, మేకులవి. ఇరవై ఒకటి, ముప్పై, ముప్పై నాలుగు ఉన్నాయి."

బావ నా డొక్కలో పొడిచాడు. "చూశావా, మేకులే నీకంటే ఎక్కువ చదివాయి."

గన్నులో మేకులు పెట్టే అర ఎంత వాలుగా ఉంటే మేకుల పట్టీ కూడా అంతే వాలుగా ఉండాలట. లేకపోతే ఇరుక్కుపోతాయట. గన్ను మీది అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి.

"అయితే కోణం గారి దగ్గరికి వెళ్లండి," అంది.

కోణం గారు లోపలి గదిలో ఉన్నారు. ముప్పై ఏళ్లుగా మేకుల వాలు చూసి చూసి మనిషే ఒక పక్కకి ఒరిగిపోయారు. బల్లనీ, కుర్చీనీ, గడియారాన్నీ ఆయనకు తగ్గట్టు ఒరిగించారు. బల్ల మీది పెన్సిళ్లు దొర్లిపోకుండా మేకులు కొట్టారు. మర్యాదకి మేమూ ఒరిగి నిలబడ్డాం.

"ఏం తింటుంది మీ గన్ను? కాగితం పట్టీయా, ప్లాస్టిక్ పట్టీయా?"

"మా చెల్లెలు చెప్పలేదండీ," అన్నాడు బావ.

"గుండ్రటి తలా, ఒకవైపు చెక్కిన తలా?"

బావ బట్టతల తడుముకున్నాడు. "తలల ఊసు ఎందుకులెండి."

"గోడ ఇంటి లోపలేగా? అయితే తుప్పు పట్టని పూత అక్కర్లేదు. పొడవు మూడుంపావు అంగుళాలు."

ఆయన గన్ను అర తెరిచారు. మూలన మూడు మేకులు, కాగితంతో అంటుకుని, మిగిలున్నాయి. నా భార్య కొట్టకుండా వదిలినవి. కోణం గారు వాటిని వెలుతురులో పట్టుకుని పక్కకి వాలారు. ఇంకొంచెం వాలారు. కుర్చీ కిర్రుమంది.

"కాగితం. చెక్కిన తల. ముప్పై నాలుగు. ముప్పై అయితే నాకు నడుం పట్టదు."

"ఆ మూడూ..." అన్నాను.

ఆయన వాటిని చిన్న కాగితంలో మడిచారు. నా చేతికివ్వడానికి మాత్రం కుర్చీలోంచి లేచి, చాలా కష్టపడి, నిటారుగా నిలబడ్డారు.

సాయంత్రం దాకా ఇల్లంతా ఫట్ ఫట్. కంటికి అద్దాలు పెట్టుకుని నేను కొట్టాను. బావ కర్రలు పట్టుకుని నన్ను తిట్టాడు.

"ఏకు మేకవడమంటే ఇదే. నీకు చీపురు పట్టుకోవడం కూడా రాదనేది మా చెల్లెలు!"

ఒక్క మేకూ ఇరుక్కోలేదు. తూకం గుండు వేలాడదీసి చూస్తే కర్రల చట్రం నిటారుగానే ఉంది. ఒరిగి ఉన్నది మేమిద్దరమే. తలుపు కూడా బిగించాక, చట్రానికి కొట్టడానికి పలకలు కొనలేదని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. కర్రల సందుల్లోంచి బావ మంచం, దిండు, చెప్పులు అన్నీ కనిపిస్తున్నాయి.

పడుకునే వేళకి ఒక సందులోంచి మంచినీళ్లు అందించబోయాను. ఆయన కస్సుమన్నాడు.

"తలుపు కొట్టి రావాలి. మర్యాద లేదూ?"

చుట్టూ తిరిగి వెళ్లి తలుపు కొట్టాను.

"ఎవరూ?" అన్నాడు, నన్నే చూస్తూ.

"నేనే బావా."

కాసేపు ఆలోచించి తీశాడు. నీళ్లు తీసుకున్నాడు.

"రేపు ఎనిమిదింటి దాకా నన్ను లేపకు," అన్నాడు.

ఆయన చొక్కా మార్చుకోవాలి కదా అని నేను మొహం అటు తిప్పుకున్నాను. బావ చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు.