జేబు ఎవరిది

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి స్లైడులు ఆరబెట్టి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, అన్నం డబ్బా మూత తీసి, ఎడంచేత్తో ఫోన్ పట్టుకుని ల్యాబమ్మ ఆరోజు ఘనకార్యం టైపు చేసింది. "అమ్మలారా, కిరీటం సిద్ధం చేసుకోండి. రేపు పరీక్ష. హాల్‌టికెట్ డ్రెస్సు జేబులో పెట్టుకుని, ఇవాళ పొద్దున ఆ డ్రెస్సుని వాషింగ్ మెషీన్లో పడేశాను. సబ్బునీళ్ళలో గంటసేపు నానింది. నా ఫొటో మాత్రం తెల్లగా తేలింది. పుట్టి బుద్ధెరిగాక నేనంత తెల్లగా ఎప్పుడూ లేను."

చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఒకే గదిలో ఉన్న ముగ్గురు ఆడవాళ్ళ గ్రూపు అది. పేరు 'మాడిన గిన్నెలు'. ఒకామె బడిలో లెక్కలు చెప్తుంది, టీచరమ్మ. ఇంకొకామె బట్టలు కుడుతుంది, మనిషి నాలుగడుగుల పది అంగుళాలు కాబట్టి పొట్టి. మూడోది ఈవిడ, రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే ల్యాబమ్మ. రోజూ భోజనాల వేళ ఎవరి ఘనకార్యం వాళ్ళు చెప్పుకోవాలి, మిగతా ఇద్దరూ పదికి మార్కులెయ్యాలి. టీచరమ్మ ఒక కాలికి నల్లచెప్పు, ఒక కాలికి ఎర్రచెప్పు వేసుకుని తల్లిదండ్రుల మీటింగులో గంటసేపు ఉపన్యాసమిచ్చిన రోజు ఎనిమిదొచ్చాయి. పొట్టి ఒకే గౌనుకి రెండూ కుడిచేతులే కుట్టిన రోజు ఎనిమిదిన్నర. కానీ కిరీటం ఎప్పుడూ ల్యాబమ్మదే. దాని నోరే నోరు, చావుకబురు చెప్పినా పక్కవాళ్ళకి నవ్వొస్తుంది అనేవాళ్ళు.

ఈ ఆటకి ఒకే ఒక్క రూలు. తప్పు చెప్పేవాళ్ళదే అయ్యుండాలి. మొగుడు చేశాడు, అత్త అంది, ఆడపడుచు మూతి తిప్పింది అంటే మార్కులు సున్నా. రూలు పెట్టింది టీచరమ్మే. గ్రూపు పెట్టిన కొత్తలో ఏడాదిపాటు అందులో ఏడుపులే. ఒకరి ఏడుపు ఆగితే ఇంకొకరిది మొదలు. "ఇంట్లో ఏడ్చేది చాలక ఇక్కడ కూడానా? మన వెధవపనులు మనం చెప్పుకుని నవ్వుకుందామే" అంది. అందరికీ బాగుందనిపించింది. బాగానే ఉంది కూడా. నాలుగేళ్ళుగా ముగ్గురూ కడుపుబ్బ నవ్వుకుంటూనే ఉన్నారు.

టీచరమ్మ నవ్వి నవ్వి కన్నీళ్ళు కారే బొమ్మలు ఆరు పెట్టి, "తొమ్మిదిన్నర! నీ తెలివి తెల్లారినట్టే ఉందే తల్లీ" అంది. పొట్టి మార్కులెయ్యలేదు. ఒక ముక్క రాసింది.

"నీ డ్రెస్సుకి జేబెక్కడిది?"

ల్యాబమ్మ నోట్లో ముద్ద నోట్లోనే ఉంది.

"నీ డ్రెస్సులన్నీ కుట్టేది నేను. ఒక్కదానికీ జేబు లేదు. పెన్ను పెట్టుకుంటాను, జేబు పెట్టవే అని రెండేళ్ళుగా అడుగుతున్నావు, నేను రేపూ మాపూ అంటున్నాను. ఇంతకీ జేబు ఎవరిది?"

ల్యాబమ్మ టైపు చేసింది, చెరిపేసింది. "పాత డ్రెస్సులే" అని రాసి, అదీ చెరిపేసింది. అబద్ధం చెప్పడం ఆమెకి రాదనుకోకండి. వచ్చు, బ్రహ్మాండంగా వచ్చు, కాకపోతే కుట్టిన మనిషి దగ్గర కుట్టు గురించి ఏం బొంకుతుంది? చివరికి రెండు ముక్కలు పంపింది. "ఆయన ప్యాంటుది."

జరిగింది ఇదీ. పెళ్ళైన పన్నెండేళ్ళలో మొట్టమొదటిసారి ఆ పొద్దున మొగుడు తనే బట్టలు మెషీన్లో వేశాడు. "పరీక్ష కదా, నువ్వు చదువుకో, నేను చూస్తాలే" అన్నాడు. పిచ్చిది, ఎంత మురిసిపోయిందో! వంటింట్లో ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో నోట్సు పట్టుకుని, ఈయన కూడా మారుతున్నాడే అనుకుంది. గంటయ్యాక బట్టలు తీస్తుంటే ఆయన ప్యాంటు జేబులోంచి కాగితపు ముద్ద ఊడిపడింది. ముందు బస్సు టికెట్టేమో అనుకుంది. విప్పి చూస్తే తన ఫొటో. పరుగెత్తుకెళ్ళి చూపిస్తే ఆయన షూ లేసు కట్టుకుంటూ తలెత్తలేదు. "అయ్యో, జిరాక్సు తీయిద్దామని నిన్న జేబులో పెట్టుకున్నాను. నాకేం తెలుసు జేబులు చూడాలని? రోజూ చేసేదానివి నువ్వు. ఒకసారి చూసి ఉండాల్సింది" అన్నాడు. ఈవిడ ఏమందో తెలుసా? "నిజమేనండీ, నాదే బుద్ధితక్కువ" అంది. అని, ఆ ముద్దని కిటికీ గట్టు మీద ఆరబెట్టి, డబ్బాలు సర్ది, డ్యూటీకొచ్చింది. దారిలో బస్సులో నిలబడి దాన్ని నవ్వొచ్చేలా ఎలా చెప్పాలా అని ఆలోచించింది. రూలుకి లోబడాలి కాబట్టి జేబు తనదని మార్చుకుంది.

ఈ పరీక్ష సంగతి కూడా చెప్పాలి. ల్యాబులో నెత్తురు తీసేది ఈవిడ, రంగులద్దేది ఈవిడ, మైక్రోస్కోపులో కళ్ళు పోయేలా కణాలు లెక్కపెట్టేది ఈవిడ. రిపోర్టు మీద సంతకం మాత్రం నిన్నగాక మొన్న చేరిన పిల్లది. ఆ పిల్లకి సూది పట్టుకోవడం నేర్పింది కూడా ఈవిడే, కానీ ఆ పిల్లకి డిప్లొమా ఉంది, ఈవిడకి లేదు. అందుకే ఉద్యోగం చేస్తూ చదవడానికి చేరింది. అన్నీ పాసై ఒక్క పేపరు మిగిలింది. రెండేళ్ళు వరసగా ఆ పేపరు రోజునే ఏదో ఒకటయ్యింది. ఈసారి రాయకపోతే అడ్మిషనే రద్దవుతుంది, మళ్ళీ మొదటినుంచి చదవాలి. నలభై దాటిన మనిషి మళ్ళీ ఎక్కడ చదువుతుంది?

"రూలు గంగలో కలవనీ. పోయినేడు ఏమైంది, అది కూడా చెప్పు" అంది టీచరమ్మ.

చెప్పక్కర్లేదు, గ్రూపులోనే ఉంది. ల్యాబమ్మ వేలితో వెనక్కి తోసుకుంటూ వెళ్ళింది. పోయినేడు ఇదే నెల, తన రాతే. "తాళంచెవి ఎక్కడ పెట్టానో మర్చిపోయి సొంతింట్లో ఖైదీనయ్యాను, పరీక్ష హాంఫట్!" తొమ్మిది మార్కులు, కిరీటం. అసలు తాళంచెవి ఆయన ఆఫీసు బ్యాగులో ఉంది. బయటినుంచి తాళం వేసుకుని వెళ్ళిపోయాడు, "అలవాటులో వేసేశానే" అన్నాడు, మధ్యాహ్నం దాకా ఫోను ఎత్తలేదు. అంతకుముందేడు, "కుంభకర్ణుడి చెల్లెలు అలారం పెట్టుకోవడం మర్చిపోయింది." ఎనిమిదిన్నర. అలారం పెట్టుకుంది. రెండు పెట్టుకుంది. తెల్లారేసరికి ఫోను ఆపేసి ఉంది. "పాపం అలిసిపోయావు, కాసేపు పడుకుంటావని నేనే ఆపాను" అన్నాడు. అబ్బ, ఎంత ప్రేమో అని ఆరోజు కూడా అనుకుంది. ఒక్కొక్కటిగా చూస్తే ఏ ఇంట్లోనైనా జరిగేవే. ఒకదాని కింద ఒకటి, తన మాటల్లోనే, తన జోకుల్లోనే కనబడుతుంటే ల్యాబమ్మ డబ్బా మూత పెట్టేసింది. ఆయన మీద కోపం తర్వాత సంగతి. ముందు తన మీద తనకే అసహ్యమేసింది. రెండేళ్ళుగా ఆయన చేసిన ప్రతి పనికీ తనే 'నేను' అని సంతకం పెట్టుకుంటూ వచ్చింది. పైగా నవ్వించింది.

"నేను మార్కులేశానే" అంది టీచరమ్మ. "తొమ్మిదేశాను. సిగ్గుగా ఉంది." వెంటనే ఇంకోటి. "ఏడవడం తర్వాత. గుర్తింపు కార్డు, ఫొటో తీసుకుని కాలేజీ ఆఫీసుకి పో, డూప్లికేట్ ఇస్తారు. ఐదింటికి మూసేస్తారు. రాత్రికి మా ఇంటికి రా. పొద్దున ఇక్కణ్ణుంచే వెళ్దువుగాని."

పూట సెలవడిగితే ల్యాబు ఇన్‌ఛార్జి డాక్టరుగారు కళ్ళజోడు పైకి నెట్టి, "రేపెలాగూ సెలవు పెట్టావు, ఇవాళ కూడానా? ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?" అన్నారు. అత్తగారికి బాగాలేదండీ అనే మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. ఆ మాటకి ఎప్పుడూ సెలవు దొరుకుతుంది. "ఎవరికీ ఏం కాలేదండీ. నా పని ఉంది" అంది. ఆయన ఆశ్చర్యంగా చూసి సరే అన్నారు.

ఇంటికొచ్చేసరికి మూడున్నర. అత్తగారు ముందుగదిలో మంచం మీద కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది. "ఇంత తొందరగా వచ్చేశావేంటి? మంచిదే అయ్యింది, సాయంత్రానికి వంట త్వరగా కానియ్యి" అంది. ల్యాబమ్మ బీరువా తెరిచి చీరల కిందినుంచి గుర్తింపు కార్డు తీసింది. తీసి, మతి ఉండి చేసిందో, మతి లేక చేసిందో, తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. అరగంటలో ఏదో ఒకటి చేసి పడేసి పోదాం, ముసలావిడ పస్తుంటుంది అనుకుంది. ఉల్లిపాయ చేతిలోకి వచ్చేసింది, కత్తి కూడా వచ్చేసింది. గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది.

"ఆ కాగితం ఆరిందా?" అంది వెనకనుంచి అత్తగారు. కర్ర పట్టుకుని గుమ్మందాకా వచ్చింది. "నేను చెప్తూనే ఉన్నాను వాడికి. జేబులో ఏదో ఉందిరా, తీసి వెయ్యరా అన్నాను. ఉండనీలే అమ్మా అన్నాడు."

కత్తి ఆగిపోయింది. "చూశాడా అత్తయ్యా?"

"చూడకేం? చూసే వేశాడు." ఆవిడ గొంతులో దాపరికం లేదు, కోపమూ లేదు. "నువ్వు పాసైతే పెద్దాసుపత్రికి మారిపోతావట కదా. రాత్రి డ్యూటీలట. రాత్రిపూట నన్ను లేపి బాత్రూముకి తీసుకెళ్ళేదెవరే? వాడు మగపిల్లాడు, వాడివల్ల అవుతుందా? నేనే బెంగపడి చెప్పుకున్నాను వాడితో."

ల్యాబమ్మ ఆవిడ కాళ్ళకేసి చూసింది. వాచిన మోకాళ్ళు, నూనె మెరుస్తూ. ఆ భయం అబద్ధం కాదు. ఎనిమిదేళ్ళుగా ఆ బరువుని రాత్రికి రెండుసార్లు తన భుజం మీద వేసుకుని నడిపించిన మనిషికి ఆ భయం ఎంత నిజమో తెలుసు. తిడదామన్నా తిట్టు రాలేదు. ఒక్కటే అర్థం కాలేదు. ముసలావిడకి బెంగ, కొడుక్కి బెంగ, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు, ఇద్దరూ కలిసి ఆలోచించారు. అమ్మని రాత్రి నేను లేపుతాను అనే మాట ఆ మాటల్లో ఒక్కసారైనా ఎందుకు రాలేదు? ఒక మనిషి చదువుని సబ్బునీళ్ళలో ముంచడం కంటే అది అంత కష్టమా?

కత్తి గట్టు మీద పెట్టింది. ఉల్లిపాయ బుట్టలో వేసింది. "అత్తయ్యా, మీ మాత్రలు ఇక్కడ పెడుతున్నాను, నీళ్ళు మంచం పక్కన పెడతాను. మీ అబ్బాయి ఆరింటికి వస్తాడు. ఈ రాత్రి మిమ్మల్ని ఆయనే లేపాలి."

"వాడికి చేతకాదే!"

"నాకూ పుట్టుకతో రాలేదు అత్తయ్యా" అంది.

కాలేజీ ఆఫీసులో గుమస్తా పై నుంచి కిందికి చూసి, "మళ్ళీ మీరేనా? పోయినేడు కూడా పరీక్షకి రాలేదు కదా" అన్నాడు. ల్యాబమ్మ జోకు వెయ్యలేదు. దరఖాస్తులో 'హాల్‌టికెట్ పోవడానికి కారణం' అనేచోట పెన్ను కాసేపు ఆగింది, తర్వాత 'నా భర్త తడిపేశారు' అని గుండ్రటి అక్షరాల్లో రాసింది. గుమస్తా అది చదివి, ఆమె మొహంలోకి చూసి, ముద్ర గుద్దాడు. ఐదుకి పది నిమిషాలు తక్కువ.

ఏడింటికి టీచరమ్మ ఇంట్లో, పిల్లల పుస్తకాలు పక్కకి జరిపిన బల్ల దగ్గర ల్యాబమ్మ నోట్సు తెరుచుకుని కూర్చుంది. పొట్టి కూడా దుకాణం మూసి వచ్చి, ఓ మూల కూర్చుంది. ఫోను మోగింది. ఆయనే. వెనక అత్తగారి మూలుగు, గిన్నెల మూతలు తీసి వేస్తున్న చప్పుడు. గొంతులో కోపం లేదు, ఎప్పటి జాలే ఉంది. పిచ్చిదానితో మాట్లాడేటప్పుడు ఉండే జాలి.

"ఏంటిది? పొయ్యి మీద ఏమీ లేదు. అమ్మ ఆకలంటోంది. నీ మతిమరుపు మరీ ఎక్కువైపోతోంది. వంట చెయ్యడం కూడా మర్చిపోయావా?"

నాలుగేళ్ళుగా నోటికి అలవాటైన మాట, అయ్యో నా బుర్రకి అనే మాట, గొంతులోనే ఉంది. పెదాల దాకా వచ్చింది కూడా. ల్యాబమ్మ దాన్ని మింగేసింది.

"మర్చిపోలేదండీ" అంది. "గుర్తుండే వండలేదు."