రానివాడే అధ్యక్షుడు

వహ్యూది ఇమ్మిగ్రేషన్ ఆఫీసు నుంచి తిన్నగా నా సెలూన్‌కి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. కత్తిరించడానికి జుట్టేమీ లేదు. మొన్ననే నా చేతులతో కత్తిరించాను.

"ఏమైంది బాబూ, ఆ మొహమేమిటి?"

"రూలు మారింది పెద్దమ్మా. మాలాంటి పని కోసం వచ్చిన పైదేశపోళ్ళు పెళ్ళాం పిల్లల్ని తెచ్చుకోవాలంటే, వీడు ఇరుగుపొరుగుతో కలిసిమెలిసి ఉంటాడని వీధి సంఘం అధ్యక్షుడు ఉత్తరం రాసివ్వాలిట."

"ఓస్, ఇంతేనా! వెళ్ళి రాయించుకో."

"అధ్యక్షుణ్ణి నేనే కదా!"

నిజమే, నేనే మరిచిపోయాను. మా వీధిలో ఆ పదవంటే అందరికీ హడల్. అందుకని వసంతకాలం సమావేశానికి ఎవరు రాకపోతే వాళ్ళ నెత్తిన పెట్టేస్తాం. పోయినేడు ఆ సాయంత్రం వహ్యూది షిప్‌యార్డులో ఓడ అడుగున వెల్డింగు చేస్తున్నాడు. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో సంఘం ముద్ర, కాకులు పీకకుండా చెత్త మీద కప్పే వల, కాలవలు తీసే పార పెట్టి ఉన్నాయి. పిచ్చివాడు, అదేదో సన్మానం అనుకుని ముద్రకి ఫొటో తీసి జావాలో ఉన్న భార్యకి పంపాడు. అప్పట్నుంచే మా కాలవల్లో నీళ్ళు పారుతున్నాయి.

"నీ గురించి నువ్వే రాసుకుంటే చెల్లదన్నాడు పెద్దమ్మా, ఆ కౌంటరాయన. రూలు నేను పెట్టలేదు, అమలు చెయ్యడమే నా పని, అన్నాడు."

వాడి గదిలో మేకుకి ఎర్రటి బడి సంచి వేలాడుతోంది, కూతురు లారాస్ కోసం ముందే కొన్నది. చెర్రీలు పూసే వేళకి బళ్ళు తెరుస్తారు. ఆలోగా కాగితాలు రాకపోతే ఆ పిల్ల ఇంకో ఏడాది సముద్రానికి అవతలే. నాకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే సమావేశం పెట్టించాను.

వీధంతా దిగింది. ఎబిసావా ముసలాయన ఆస్పత్రి నుంచి సెలైన్ స్టాండు తోసుకుంటూ వచ్చాడు. పిల్లి పోయినప్పటి నుంచి గడప దాటని తొకునాగా గారు పిల్లి ఫొటోతో సహా వచ్చి కూర్చుంది. పదవి ఎవరైనా తీసుకుంటారా అంటే అందరూ కిందకి చూశారు.

"వచ్చినవాళ్ళకే అంటగడితే ఇంక రావడం దేనికి మిత్సుయే? ఈ సీసాతో పడుతూ లేస్తూ వచ్చింది ఇందుకా?" అని ఎబిసావా నా మీద లేచాడు.

వహ్యూది వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినే లెక్కపెట్టాడు. చివరికి మెల్లగా అన్నాడు. "ఆ చివరి నీలం పెంకుల ఇంటాయన రాలేదండీ."

"ఆ ఇంట్లో మనుషులున్నారా?" అంది తొకునాగా గారు.

"ఉన్నారండీ. చెత్తలో ఖాళీ సీసాలు మాత్రమే పెట్టే రోజున ఆయన చేపముళ్ళు పెడతారు. నేనే విడదీస్తుంటాను."

చప్పట్లకి సెలైన్ స్టాండు ఊగింది.

ఆదివారం పొద్దున్నే ముద్ర తీసుకుని వెళ్ళాం. తలుపు తెరుచుకోగానే వహ్యూది ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ మనిషి ఎవరో కాదు, ఆ కౌంటరాయనే. పేరు కురమోచిట.

"నాకు తీరికెక్కడిదండీ? కొత్త రూలొచ్చాక ఆఫీసులోనే తెల్లారిపోతోంది," అన్నాడు నలిగిపోయిన పైజమాలో.

"రానివాడే అధ్యక్షుడు నాయనా. రూలు నేను పెట్టలేదు, అమలు చెయ్యడమే నా పని," అన్నాను. ఈ మధ్యకాలంలో ఏ మాటా అంత తృప్తిగా అనలేదు.

ముద్ర తీసుకున్నాడు గానీ ఉత్తరం దగ్గర బిగుసుకుపోయాడు. "ఈయన కలిసిమెలిసి ఉంటాడని నాకేం తెలుసు? మీలో నేనెవర్నీ ఎరగను."

"మీ చేపముళ్ళు నాకు తెలుసండీ," అన్నాడు వహ్యూది, ఎంతో మర్యాదగా.

కురమోచి చెవులు ఎర్రబడ్డాయి. ముద్ర పడింది.

అక్కడితో అయిపోతే గవర్నమెంటెందుకవుతుంది! తను ముద్ర వేసిన ఉత్తరం తనే పరిశీలించకూడదు కాబట్టి కాగితాలు పక్క కౌంటరుకి వెళ్ళాయి. అక్కడ కూర్చున్నావిడకి కొత్త సందేహం. ఈ అధ్యక్షుడు అసలు ఆ వీధివాడేనా? కలిసిమెలిసి ఉంటాడా? ఎరిగినవాళ్ళెవరైనా రాసివ్వాలి.

కురమోచి నా సెలూన్ గుమ్మంలో నిలబడి నీళ్ళు నమిలాడు. లోపలున్న మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎబిసావాకి ఆయన తెలియదు. తొకునాగా గారికి తెలియదు. నేనైతే ఆ జుట్టుని ఏనాడూ ముట్టుకోలేదు.

వహ్యూది కాగితం అడిగాడు. నేర్చుకున్న అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి, నాలిక కరుచుకుంటూ రాశాడు.

"కురమోచి గారు మా వీధివారే. పొద్దుపోయేదాకా పనిచేస్తారు. చేపలంటే ఇష్టం. ఆయన ఇక్కడ ఉంటే మాకు సంతోషం."

కురమోచి చివరి వాక్యం దగ్గర ఆగిపోయాడు. తరవాత కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, "సీసాలు పెట్టే రోజు ఏదండీ?" అని అడిగాడు.

మొన్న వహ్యూది గదికి వెళ్తే మేకు ఖాళీగా ఉంది. ఎర్ర సంచి బడికి వెళ్ళింది.