తడి తువ్వాళ్ళు

జబ్బు భయంతో బడి మూసేశారు. పిల్లల దగ్గర సాయంగా ఉంటానని అమ్మ నన్ను పిన్ని ఇంటికి పంపింది. పనికి వెళ్ళే తల్లులు పసివాళ్ళను వదిలి వెళ్తే, సాయంత్రం దాకా ముందు గదిలో పెట్టుకుని చూసుకోవడం పిన్ని పని. నేను వెళ్ళేసరికి ఇంట్లో ఒక్క పిల్ల కూడా లేదు. దండెం మీద మాత్రం చిన్న చిన్న తువ్వాళ్ళు వరసగా ఆరుతున్నాయి.

పిన్ని దగ్గర ఏ బిడ్డ తువ్వాలు ఆ బిడ్డదే. అంచుకు కుట్టిన రంగు దారాన్ని బట్టి ఎవరిదో తెలుస్తుంది. దండెం చూస్తే చాలు, ఆ రోజు ఎవరెవరు వచ్చారో వీధిలో అందరూ చెప్పేస్తారు.

ఒకటి తీసి వాసన చూశాను. పాల వాసన లేదు, ఉత్త సబ్బు వాసన.

"పిన్నీ, పిల్లలేరి?"

"ముందు ఆరినవి మడత పెట్టవే తల్లీ. ఆరాలు తర్వాత."

ఎదురింటి దర్జీ అత్త కిటికీ దగ్గరే మిషను వేసుకుని కూర్చుంటుంది. నేను గేటు దగ్గరికి వెళ్ళగానే కేకేసింది.

"ఏమ్మాయ్, మీ పిన్ని పిల్లల నోట్లో దూది కుక్కుతోందా ఏమిటి? ఇన్ని తువ్వాళ్ళు ఆరేస్తుంది, ఒక్క ఏడుపూ వినపడదు!"

లోపలికి పరిగెత్తుకొచ్చాను. అప్పుడు చెప్పింది పిన్ని. ఈ జబ్బు రోజుల్లో పిల్లల్ని చూసుకునేవాళ్ళకి ప్రభుత్వం సాయం ఇస్తోందట. చూసి వెళ్ళడానికి ఒకావిడ వస్తుందట. ఆ సాయం రాకపోతే అద్దె కట్టలేం, ఇల్లు ఖాళీ చేయాల్సిందే.

"పిల్లలు లేరని చెప్పేయొచ్చుగా పిన్నీ?"

"పని చెయ్యనివాళ్ళకి ఎవరిస్తారే డబ్బు? పిచ్చిమొహమా!"

అప్పటి నుంచి గేటు చప్పుడైతే చాలు, కిటికీలోంచి తొంగి చూసేదాన్ని. పిన్నిని పట్టుకెళ్తారేమో అనిపించేది.

ఆవిడ రానే వచ్చింది. మాస్కు మీద రెండు కళ్ళే కనిపిస్తున్నాయి. ఆ కళ్ళు నేరుగా దండెం మీదికి పోయాయి.

"పిల్లలు?"

"లోపల పడుకున్నారమ్మా," అంది పిన్ని గొంతు తగ్గించి. "ఇప్పుడే నిద్ర పట్టింది."

"అందరూ వస్తున్నారా? మంచిదే. అయితే మీకు సాయం అక్కర్లేదన్నమాట."

"అదేంటమ్మా!"

"పిల్లలు రాక రాబడి పోయినవాళ్ళకండీ సాయం. మీకు ఫీజులు వస్తూనే ఉన్నాయి కదా."

పిన్ని చేతులు జోడించింది. "రావడం లేదమ్మా! ఒక్కరూ రావడం లేదు!"

"ఇందాక పడుకున్నారన్నారు?" ఆవిడ తడి తువ్వాలు వేళ్ళతో నలిపి చూసింది. "మరి ఇవి దయ్యాలు తుడుచుకున్నవా?"

ఇప్పుడు పిన్ని నిజం చెప్తోంది. ఎవరు నమ్ముతారు? వెళ్ళి ముందు గది తలుపు తీశాను. దుప్పట్లు ఒక్కొక్కటే లాగాను. అన్నిటి కిందా దిండ్లే.

ఆవిడ ఒక దిండు ఎత్తి చూసింది. నవ్విందో, కోపగించుకుందో మాస్కు వెనక తెలియలేదు. "రేపు మళ్ళీ వస్తాను," అని మాత్రం అంది.

"పోలీసుల్ని తెస్తుందేమోనే," అంది పిన్ని. ఆ పూట మాకు అన్నం సయించలేదు.

మర్నాడు దండెం బోసిగా ఉంది.

"ఏం వదినా, ఇవాళ పిల్లలు రాలేదా?" అని అరిచింది దర్జీ అత్త.

పిన్ని గేటు పట్టుకుని నిలబడింది. "ఇవాళే కాదొదినా. జబ్బు మొదలైనప్పటి నుంచీ ఎవరూ రావడం లేదు. తువ్వాళ్ళు నేనే తడిపి ఆరేశాను."

మిషను ఆగిపోయింది. అప్పటికే వచ్చి వీధి మలుపులో నిలబడి ఉన్న మాస్కు ఆవిడ అంతా విని, ఏదో రాసుకుని, లోపలికి రాకుండానే వెళ్ళిపోయింది.

సాయం వచ్చింది. ఇల్లు నిలబడింది. పిన్ని మాత్రం ఇప్పటికీ తలుపు ఓరగా తెరిచి వీధిలోకి చూసి, నా చెవిలో అడుగుతుంది:

"ఏ పనీ చెయ్యకుండా ఊరికే ఎందుకిచ్చారంటావే?"