పంచామృతం తాగిన వాచీ

సాంబమూర్తి మాస్టారి ఎడమ చేతికి ఆ వాచీ ఎక్కిన రోజు నుంచీ కుడి చేతికి పనిలేకుండా పోయింది. నమస్కారం పెట్టినా, నాన్చి బేరమాడినా, పిల్లల్ని గదమాయించినా ఎడమ చెయ్యే ముందుకొచ్చేది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంసెట్ కుర్రాళ్లకు లెక్కలు చెప్పుకునే మనిషి. తెనాలి పక్క నుంచి వచ్చి పాతికేళ్లయింది. ఇన్నాళ్లూ ఆయన పరిగెత్తితే ఆయాసం వచ్చేది, ఇప్పుడు అంకెలు వస్తున్నాయి.

పాత శిష్యుడొకడు సింగపూర్ నుంచి వస్తూ తెచ్చిచ్చిన వాచీ అది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలతో మంతనాలాడి, తొడుక్కున్న మనిషి ఎక్కడున్నాడో, ఎంత దూరం పరిగెత్తాడో చెబుతుంది. కంపెనీ పేరెందుకులెండి, జరిగినదాంట్లో వాళ్ల తప్పేమీ లేదు పాపం. చెమటను, దుమ్మును, వానను, యాభై మీటర్ల లోతు నీళ్లను తట్టుకుంటుందని డబ్బా మీద రాశారు. మాస్టారు ఆ నాలుగు మాటలూ బట్టీపట్టి, అడిగినవాడికీ అడగనివాడికీ అప్పజెప్పేవాడు.

"నేనెక్కడున్నానో దీనికి తెలుసయ్యా! మూడు మీటర్ల తేడాలో చెప్పేస్తుంది."

"నువ్వు ఏడున్నవో నాకు గూడ తెలుసు సారూ. నా పక్కపొంటి ఉన్నవ్," అనేవాడు సిద్దిరాములు.

సిద్దిరాములుది అల్మాస్‌గూడ. ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఎక్కడ మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు గానీ, పదేళ్లుగా పొద్దున్నే ఇద్దరూ కలిసి పరిగెత్తుతున్నారు. కబుర్లు అయిపోయేదాకా పరిగెత్తడం, అయిపోయాక చాయ్ తాగడం, ఇదీ వాళ్ల కొలత. వాచీ వచ్చి ఆ కొలత చెడగొట్టింది. సిగ్నల్ దగ్గర ఆగితే మాస్టారు ముందు వాచీని ఆపేవాడు, తర్వాత తను ఆగేవాడు. ఇంటి గేటు దాకా వచ్చాక అంకె నిండకపోతే, మిగిలిన వంద మీటర్ల కోసం గేటు ముందే గుండ్రంగా తిరిగేవాడు. వీధికుక్కలు మొదట్లో మొరిగాయి, తర్వాత జాలిపడి ఊరుకున్నాయి.

"అదేదో తులసికోట చుట్టూ తిరగండి. పుణ్యమైనా దక్కుతుంది," అనేది భార్య వేదవతి, వరండాలో కూరలు తరుగుతూ.

అవి ఉద్యమం రోజులు. సకల జనుల సమ్మె మొదలై బస్సులు డిపోలు దాటడం లేదు, ఆఫీసులకు తాళాలు, బొగ్గు రాక కరెంటు కోతలు. సిద్దిరాములు సమ్మెలో ఉన్నాడు. మాస్టారికి తెలంగాణ రావాలనీ లేదు, రాకూడదనీ లేదు. తనను ఎవరూ పొమ్మనకూడదని మాత్రం ఉంది. రెండేళ్లుగా కిరాణా కొట్లో, క్షౌరశాలలో, ట్యూషన్ మెట్ల మీద ఎవరో ఒకరు నవ్వుతూనే, "రాష్ట్రమొస్తే ఎటు పోతరు సారూ?" అంటున్నారు. ఆయనా నవ్వుతూనే, "ఎక్కడికి పోతానయ్యా, ఇల్లిక్కడే కదా," అనేవాడు. అన్న తర్వాత ఆ పూట అన్నం సయించేది కాదు. తనిక్కడ ఎవరికో అవసరమైన మనిషినని ఒక్కసారి నిరూపణ అయితే చాలుననిపించేది.

ఈలోగా దసరా వచ్చింది. ఆయుధపూజకు వేదవతి స్కూటర్ కడిగింది, మిక్సీ కడిగింది, కత్తిపీటకు బొట్టు పెట్టింది. మాస్టారు వాచీ తెచ్చి పీట మధ్యలో కూర్చోబెట్టాడు. పసుపు, కుంకుమ తడిపి ముందు మూడు బొట్లు, వెనక మూడు బొట్లు. ఛార్జింగ్ ఎక్కడానికి వెనకవైపు సన్నటి ఇత్తడి చుక్కలుంటాయే, సరిగ్గా వాటి మీద.

"దాని ప్రాణమంతా అక్కడే ఉంది వేదా," అన్నాడు భక్తిగా.

అంతటితో ఆగినా బాగుండేది. పూజ చూడ్డానికి పక్కింటివాళ్లు వచ్చారు. చూసేవాళ్లుంటే మాస్టారికి ఒళ్లు తెలియదు. దేవుడికి అభిషేకం చేయగా గిన్నెలో పంచామృతం మిగిలింది. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, చక్కెర.

"ఏవండీ, వద్దండీ," అంది వేదవతి.

"యాభై మీటర్ల లోతు సముద్రాన్ని తట్టుకునేది గిన్నెడు పంచామృతాన్ని తట్టుకోదుటే?" అని వాచీని అందులో ముంచాడు మాస్టారు. ముంచి, తీసి, పైపంచెతో తుడిచి కళ్లకద్దుకున్నాడు. పక్కింటివాళ్లు చప్పట్లు కొట్టారు. డబ్బా మీద నెయ్యి గురించి ఒక్క ముక్కా లేదన్న సంగతి ఆ క్షణాన ఎవరికీ తోచలేదు.

పండగయిన వారానికి సిద్దిరాములు ఒక కబురు తెచ్చాడు.

"ఐతారం నాడు తెలంగాణ రన్ పెడ్తున్నం సారూ. ఈడికెళ్లి ఎల్బీ నగర్ దిక్కు. అయిదు కిలోమీటర్లు."

"అయిదేనని కొలిచారా?"

"కొలుసుడేంది? గదేమన్న ప్లాటా?"

"తప్పయ్యా! పోస్టరు మీద అయిదు అని వేసి నాలుగున్నర పరిగెత్తిస్తే రేపు పేపర్లవాళ్లు నవ్వరూ? అంత పెద్ద ఉద్యమం, దూరం దగ్గర అభాసుపాలవుతుందా? నేను కొలిచి పెడతాను. గీత ఎక్కడ గీయాలో నేను చెబుతాను." ఎడమ చెయ్యి అప్పటికే సిద్దిరాములు ముక్కు కిందికి వచ్చేసింది.

జేఏసీ మీటింగులో ఈ మాట చెబితే కుర్రాళ్ల నాయకుడు బాలరాజ్ ఎగిరిపడ్డాడు. "మన రన్‌ను ఆంధ్రసారు కొలుసుడేందే? ఆళ్లు కొలిసిన కొలతలతోనే కద మనం గిట్లయింది!"

"సారుది నా జిమ్మేదారి," అన్నాడు సిద్దిరాములు.

ఆ మాట మాస్టారి చెవిన పడింది. తన కోసం ఇంకొకడు మాట పడటానికి సిద్ధపడ్డాడు. శనివారం పొద్దున్నే, కరెంటు ఉన్న కాసేపట్లో ఎక్కినంత ఛార్జింగ్ ఎక్కించుకుని, కొలతకు బయల్దేరాడు. చైతన్యపురి దాటేదాకా వాచీ బుద్ధిగానే ఉంది. కొత్తపేట పళ్ల మార్కెట్టు దగ్గర, బత్తాయి లారీల వెనక, అది సన్నగా కీచుమని ఆగిపోయింది.

మాస్టారు బటన్ నొక్కాడు. లోపలికి పోయిన బటన్ పైకి రాలేదు. గోటితో పెకలిస్తే తేనె జిగురు సాగింది. గాజు అంచు కింద నుంచి ఒక చీమ బయటికొచ్చి, అటూ ఇటూ చూసి, నింపాదిగా ఆయన మణికట్టు మీదుగా నడిచి వెళ్లింది. తర్వాత వాచీ తనంతట తానే మేల్కొని, ఆయన ఒక్క అడుగు వేయకుండానే ముప్పై ఏడు కిలోమీటర్లు పరిగెత్తినట్టు ప్రకటించింది. మళ్లీ కన్నుమూసింది.

సిద్దిరాములుకు ఒక్క ఫోను కొడితే అయిపోయేది. ఫోను తీశాడు కూడా. పంచామృతం సంగతి చెప్పాల్సి వస్తుందే! బాలరాజ్ పళ్లికిలించడం కళ్లముందు కనబడింది. ఫోను జేబులో పెట్టేశాడు. తను లెక్కల మాస్టారు, ఒక వాచీ ఉంటేనేం లేకపోతేనేం? రోజూ పరిగెత్తే దారే, ఒళ్లు చెబుతుంది. అలా తనకు తాను నచ్చజెప్పుకుంటూ ఎల్బీ నగర్ వైపు నడిచాడు. చౌరస్తా దాటాక కొంత దూరంలో ఒక ఫంక్షన్ హాలు కనబడింది. పెద్ద గేటు, రెండువైపులా రిబ్బన్ కట్టడానికి అనువైన స్తంభాలు, పక్కన వేపచెట్టు నీడ. అయిదు కిలోమీటర్లు అక్కడికి వచ్చి తీరాల్సిందేనని ఆయనకు గట్టిగా అనిపించింది.

"ఫంక్షన్ హాలు గేటు. మీటరు అటూ ఇటూ లేదు," అని ఫోను చేశాడు. సాయంత్రానికి అక్కడ సున్నంతో గీత పడింది.

మాస్టారికి తెలియనిదల్లా ఒకటే. అదే రాత్రి పోలీసులు ఆ హాలును కిరాయికి తీసుకున్నారు. ఆదివారం ఆందోళనల్లో పట్టుకోబోయేవాళ్లను ఉంచడానికి వాళ్లకు ఒక పెద్ద చోటు కావలసి వచ్చింది.

ఆదివారం డప్పులు మోగాయి. జై తెలంగాణ నినాదాలతో దిల్‌సుఖ్‌నగర్ నుంచి జనం కదిలారు. దారి చూపించే పని మాస్టారిదే గనక ఆయన అందరికంటే ముందున్నాడు. ఆగిపోయిన వాచీని అలవాటుకొద్దీ చూసుకుంటూ, "ఇంకా కిలోమీటరున్నర! తగ్గొద్దు, తగ్గొద్దు!" అని వెనక్కి తిరిగి కేకలేస్తున్నాడు. వెనక వందల మంది తన మాట విని కాళ్లు కదుపుతున్నారు. జన్మలో అంత హాయిగా ఆయనెప్పుడూ పరిగెత్తలేదు. ఎటు పోతారని అడిగినవాళ్లంతా ఇవాళ ఆయన ఎటు పోతే అటు వస్తున్నారు.

గేటు దగ్గర కుర్రాళ్లు పట్టుకున్న రిబ్బన్‌ను మాస్టారే ఛాతీతో తెంపాడు. మరుక్షణం వెనక సందులోంచి రెండు వ్యాన్లొచ్చి రోడ్డుకు అడ్డం నిలబడ్డాయి. ఫంక్షన్ హాలు గేటు బార్లా తెరుచుకుంది. పరుగు మీదున్న జనం ఆగలేక నేరుగా లోపలికి వెళ్లిపోయారు.

"నెల నుంచి మీ వెనక మేం పరిగెత్తుతున్నాం. ఇవాళ మీరే పరిగెత్తుకొచ్చారు, చాలా సంతోషం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. హాల్లో పెళ్లికొడుకు సింహాసనం ఒక్కటే ఖాళీగా కనబడితే అందులోనే కూర్చున్నాడు.

ఉద్యమకారులు పెళ్లివారి కుర్చీల్లో చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నారు. ముందుగా తేరుకున్నవాడు బాలరాజ్.

"ఇంత పెద్ద రోడ్డు మీద గీత గీయనీకి ఇంకో జాగ దొర్కలేదా? పోలీసోళ్ల ఇంటి ముంగటనే దొర్కిందా? నేను చెప్పలే? ఇది కుట్రనే!"

కుట్ర, కుట్ర అంటూ హాలంతా గుప్పుమంది. మాస్టారు సిద్దిరాములు వైపు చూశాడు. సిద్దిరాములు గోడకు తగిలించిన వినాయకుడి పటం వైపు తల తిప్పుకున్నాడు. బాలరాజ్ తిట్లన్నీ కలిపినా మాస్టారిని అంతగా పొడవలేదు.

అది చాలనట్టు ఇన్‌స్పెక్టర్ ఆయన్ను గుర్తుపట్టాడు. "మాస్టారూ! మా తమ్ముడు మీ దగ్గరే చదివాడు. మీరు ఆంధ్రావాళ్లు, వీళ్లతో మీకెందుకండీ? వెళ్లండి, గేటు తీయిస్తాను." మర్యాదగా, గట్టిగా, అందరికీ వినిపించేలా అన్నాడు. కానిస్టేబుల్ గేటు తీసి నిలబడ్డాడు కూడా.

హాల్లో తలలన్నీ గేటు వైపు తిరిగాయి. గేటు దాటితే తను జీవితాంతం ద్రోహి, తనకు పూచీపడ్డ సిద్దిరాములు ద్రోహికి చుట్టం. దాటకపోతే నోరు విప్పాలి, విప్పితే తనంత మూర్ఖుడు ఈ జంటనగరాల్లో లేడని అందరికీ తెలిసిపోతుంది. మూర్ఖత్వం ఒప్పుకోవడం లెక్కల మాస్టార్లకు బొత్తిగా అలవాటు లేని పని.

"కుట్ర కాదయ్యా. వాచీ ఆగిపోయింది," అన్నాడు చివరికి.

"ఎప్పుడు?" అన్నాడు బాలరాజ్.

"నిన్ననే. పళ్ల మార్కెట్టు దగ్గర."

"మరి అయిదు కిలోమీటర్లు?"

"గేటు బాగుందని..."

"సముద్రంల ముంచినా ఆగదంటివి గద! ఎట్ల ఆగె?"

మాస్టారు కళ్లు మూసుకున్నాడు. "పంచామృతంలో ముంచాను. దసరాకి."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మొదట నవ్వింది గేటు దగ్గరి కానిస్టేబుల్. ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్ సింహాసనం కదిలింది. బాలరాజ్ పొట్ట పట్టుకుని పక్కవాడి మీద వాలిపోయాడు. "నెయ్యి గూడ పోసినవా సారూ?" అని అడిగి, మాస్టారు తలూపితే మళ్లీ నవ్వాడు. ఇంత తెలివితక్కువ మనిషి కుట్ర చేయలేడని హాలంతా ఏకగ్రీవంగా తేల్చేసింది. అంత తొందరగా, అంత సులువుగా నమ్మేస్తారని మాస్టారు అనుకోలేదు. కాస్త నొచ్చుకున్నాడు కూడా.

నవ్వనిది ఒక్క సిద్దిరాములే.

"నాకెందుకు చెప్పలె?"

"నవ్వుతావని."

"నవ్వుతుంటి. నవ్వకుంట ఎట్లుంట? నవ్వినంక ఇద్దరం కల్సి కొల్వనీకి పోతుంటిమి."

"నీకు తెలుసా అయిదెక్కడికి వస్తుందో?"

"నాకేం తెలుసు? నేను గూడ గీ గేటే సూపెట్టేటోన్నేమో. తప్పయితే ఇద్దరిదైతుండె. గిప్పుడు నీ ఒక్కనిదైంది, నేను ఈడ బయటోని లెక్క కూసున్న. మనిషిని పక్కన పెట్టుకోని ఆకాశాన్ని అడిగినవ్ సారూ."

మాస్టారికి సిగ్గేసింది. ఏడుపొచ్చినంత పనైంది.

"మాస్టారూ, వస్తున్నారా? గేటు వేసేయనా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, కళ్లు తుడుచుకుంటూ.

"వేసేయండి. నేనూ అరెస్టయ్యాను."

"మీ మీద ఏమని కేసు పెట్టనండీ?"

"అయిదు కిలోమీటర్లని చెప్పి మోసం," అన్నాడు సిద్దిరాములు. ఈసారి అతనూ నవ్వాడు. పక్క కుర్చీ మీదున్న కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

మాస్టారు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. గేటు మూతపడింది. వెనకెక్కడో వంటమనిషి పెద్ద గిన్నెలో ఉప్మా కలుపుతున్న వాసన వచ్చింది. అప్పుడు వాచీ కీచుమని లేచింది. పసుపు మరకల కింద తెర వెలిగింది.

"ఏమంటున్నది?" అని మెడ చాచాడు సిద్దిరాములు.

"నేనెక్కడున్నానో వెతుకుతోంది."

"బంద్ చెయ్ సారూ. ఈడనే ఉన్నవ్ గద."

మాస్టారు బటన్ నొక్కాడు. తేనె కదా, కదల్లేదు. వాచీ విప్పి జేబులో వేసుకున్నాడు.