చైత్ర వేయాల్సిన ఎత్తు

నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటిన తరువాత. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. రాయడమూ నిదానమే.

గంగాధరప్ప బోరు లారీ నడిపేవాడు. పెళ్ళి చేసుకోలేదు. కాలు విరిగినప్పుడు చింతామణిలో అన్న ఇంట్లో మంచం పట్టాడు. అన్న కూతురు చైత్ర అప్పుడు డిగ్రీ చదువుతోంది. చిన్నాయన పైకప్పు చూస్తూ పడి ఉండడం చూడలేక, అతని ఫోన్‌లో ఒక ఆట ఎక్కించింది. తాటిచెట్టంత రోబోల దళం ఒకటి అతనికి, ఒకటి ఆమెకు. కొండల చాటున, వాగుల వెంబడి వాటిని నడిపించి ఎదుటివాళ్ళ కోట పట్టుకోవాలి. ఒకరు ఎత్తు వేశాక రెండోవారు వేసేదాకా ఆగాలి.

"అంత పెద్దోన్ని ఒంటిగా తోలితే చంపేస్తా చిన్నాయనా. వాని వెనక ఇద్దరిని పెట్టు."

"నా లారీ వెనక ఎవరుండిరి? నేను నడపలేదా?"

"అందుకే కదా కాలు ఇట్లయింది."

కాలు విరిగాక అతను నవ్వడం అదే మొదలు.

ఎముక అతుక్కున్నాక బాగేపల్లిలో తన గదికి వచ్చేశాడు. ఆట మాత్రం ఆగలేదు. పొద్దున అతని ఎత్తు, సాయంత్రం చైత్రది. లారీ మళ్ళీ ఎక్కలేడు కాబట్టి, ఆమె వేయబోయే ఎత్తును ఊహించి జవాబు వెతకడమే రోజంతా పని. పలకరించేవాళ్ళు లేని ఆ గదిలో, ఇద్దరి మధ్య ఏదో మాట నడుస్తున్నట్టే ఉండేది.

ఒకరోజు వాగు పక్కన చిన్న రోబోను ఎరగా నిలబెట్టి, పెద్దవాటిని కొండ వెనక దాచాడు. ఆ సాయంత్రం చైత్ర ఎత్తు రాలేదు. మరునాడూ రాలేదు. ఇరుక్కుందని లోలోపల మురిసిపోయాడు. కొన్నాళ్ళకు ఫోనే అడిగింది, ఎదుటివారు ఆడడం లేదు, గెలుపు తీసుకుంటారా అని. వద్దని నొక్కాడు.

ఫోన్ చేసి అడగొచ్చు. కానీ అతను పెరిగింది పాతపాళ్యలో, బండమీద గీసిన పులిమేక ఆడుతూ. అక్కడ ఆలోచిస్తున్నవాణ్ణి తొందరపెడితే ఆట తెలియనివాడని లెక్క. తనతో ఆడే పిళ్ళప్ప ఒకసారి పులిని కదపకుండానే సంతకు పోయి వచ్చాడు. వచ్చేదాకా గంగాధరప్ప ఎండలో అట్లాగే కూర్చున్నాడు.

నెల గడిచింది. పిల్లకు ఒంట్లో బాగాలేదేమోనని భయం పట్టుకుంది. కాలు చూపించుకోవాలన్న సాకుతో చింతామణి బస్సెక్కాడు.

డిగ్రీ అయిపోయిన చైత్ర, చిక్కబళ్ళాపురంలో కొత్త ఉద్యోగానికి పోయి సాయంత్రం ఇల్లు చేరింది. కాళ్ళు కడుక్కొని వచ్చి పక్కన కూర్చుంది.

"కాలు నొస్తాందా చిన్నాయనా?"

"బాగుండాది. నువ్వు ఆ వాగు కాడ ఏం చేయాలనుకుంటాండావు?"

"యాడ వాగు?"

అతను ఫోన్ తీసి చూపించాడు.

"ఇది ఇంకా పెట్టుకోనుండావా? నేను ఫోన్ మార్చినా కదా. కొత్తదాంట్లో ఎక్కించుకోలేదు. ఒక్క మాట ఫోన్ చేసి అడగకూడదా?"

"ఆలోచిస్తాండావనుకున్నా."

"నెల దినాలు ఆలోచిస్తానా?" అని నవ్వి, అతని ముఖం చూసి ఆగింది. "ఉండు, ఇప్పుడే ఎక్కిస్తా."

"వద్దులేమ్మా. అలిసి వచ్చినావు."

"అయితే కంప్యూటర్‌తో ఆడుకో. ఇదో, ఇక్కడ నొక్కు. అదైతే బిన్నే ఆడతాది, నిమిషం కూడా ఆగదు."

మరునాడు గదికి తిరిగి వచ్చాడు. ఆ మర్నాడు పొద్దున టీ తాగి, గెలుపు తీసుకుంటానని నొక్కాడు. బూరలు మోగాయి. అతని రోబోలన్నీ చేతులెత్తాయి. తరువాత చైత్ర చూపించినచోట నొక్కి, కొత్త ఆటలో ఒక రోబోను జరిపాడు. వేలు తీయకముందే అవతలిది జరిగింది. ఇంకోటి జరిపాడు, మళ్ళీ అంతే. ఒక ఆట ఓడాడు, ఒకటి గెలిచాడు, మళ్ళీ ఓడాడు. రేపటికి దాచుకుని ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

ఫోన్ బోర్లా పెట్టి టైం చూశాడు. ఇంకా పది కూడా కాలేదు.

రాసింది మునిలక్ష్మమ్మ, అరవై ఎనిమిదేళ్ళు, ఇప్పుడు ఉండేది దిబ్బూరహళ్ళిలో.