డిస్కులో ఖాళీ

మా బావకు కంప్యూటరైనా అటకైనా ఒకటే. నిండిందంటే చాలు, ఏదో ఒకటి తీసి పారేస్తే గానీ ఆయనకు నిద్ర పట్టదు. ఆ అలవాటుతోనే అక్క గొంతును చెత్తలో వేశాడు.

అక్కకు గొంతు క్యాన్సర్. ఆపరేషన్ చేస్తే ఇక మాట రాదని డాక్టర్లు ముందే తేల్చి చెప్పారు. ఆసుపత్రికి వెళ్లే ముందు, ఇంకా ముద్దుమాటలు దాటని కూతురి కోసం తలుపు వేసుకుని మైకు ముందు కూర్చుంది. కథలు, ముద్దుపేర్లు, తిట్లు, జడ ఎలా వేసుకోవాలో, కోపమొస్తే ఏం చేయాలో, అన్నీ ఒకే రికార్డింగులో చెప్పింది. ఆ హడావిడిలో దాన్ని ఆపడం మరిచిపోయింది. యంత్రానికేం తెలుసు? వారాల తరబడి ఖాళీ గదిని రికార్డు చేస్తూ డిస్కంతా నింపేసింది. చోటు లేదని కంప్యూటర్ మొత్తుకుంటే, బావ అన్నిటికన్నా పెద్ద ఫైలేదో వెతికి, చెత్తబుట్టలో కూడా మిగలకుండా చెరిపేశాడు. అదేమిటో, ఆపరేషనై మాట పోయి ఇంటికొచ్చిన అక్క ఏడుపు చూశాకే ఆయనకు తెలిసింది.

బావ ఫోన్ రాగానే నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు దులిపేద్దామని వెళ్లాను. తీరా చూస్తే మనిషి నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. అక్క పాపను ఒళ్లో పెట్టుకుని నా వైపే చూస్తోంది.

"ఇంకో విడ్డూరం బామ్మర్దీ. అంత పెద్దది పీకేసినా డిస్కు నిండుగానే ఉందంటోంది," అన్నాడు బావ.

లెక్క చూశాను. ఫోల్డర్లన్నీ కలిపినా డిస్కులో సగం కూడా లేవు. డిస్కు మాత్రం గోరంత చోటు లేదంటోంది. ఏ ప్రోగ్రామ్‌లు నడుస్తున్నాయో చూశాను. రికార్డింగు ప్రోగ్రామ్ ఇంకా తెరిచే ఉంది! నేనే పెట్టిచ్చిన లినక్స్ కంప్యూటర్ అది. అందులో తెరిచి ఉన్న ఫైలును చెరిపితే పేరు మాత్రమే పోతుంది. పట్టుకున్న ప్రోగ్రామ్ వదిలేదాకా లోపలి సరుకు ఎక్కడికీ పోదు. అక్క గొంతు అక్కడే ఉంది. బయటికి తీసి దాచడానికి ఇంకో డిస్కు కావాలి, అంతే.

"నేను డిస్కు కొనుక్కొస్తాను బావా. అందాకా దీన్ని ముట్టుకోకండి."

"దొరుకుతుందంటావా?"

"చూద్దాం," అన్నాను. ఎందుకు ముట్టుకోకూడదో చెప్పలేదు. చెబితే అక్క ఆశ పెట్టుకుంటుంది. రాకపోతే ఆ మొహం నేను చూడలేను.

దుకాణం నుంచి పరుగున వచ్చాను. బావ తలుపు దగ్గరే ఎదురయ్యాడు. మొహం వెలిగిపోతోంది.

"ముట్టుకోవద్దన్నావనుకో, అయినా సగం పని నేనే చేసిపెట్టా. ఫైలు తిరిగి తేవాలంటే లోపల చోటుండాలిగా? కిందింటాయన్ని అడిగితే, కంప్యూటర్‌ను ఓసారి ఆపి మళ్లీ వేస్తే సరిపోతుందన్నాడు. వేశా. చోటంతా వచ్చేసింది! ఇక తెచ్చెయ్ బామ్మర్దీ."

కంప్యూటర్ ఆగినప్పుడే ప్రోగ్రామ్ ఆ ఫైలును వదిలేసింది. అయినా కూర్చుని వెతికాను. నాకు తెలిసిన ఉపాయాలన్నీ అయిపోయాయి. ఆ కంప్యూటర్‌లో ఉన్న రకం డిస్కు, ఖాళీ అయిన చోటును వెంటనే తుడిచేసుకుంటుంది. ఎక్కడ చూసినా సున్నాలే.

అక్క వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. ఏడుపు తన్నుకొచ్చింది నాకు. తల తిప్పలేకపోయాను.

వెనక నుంచి బావ అంటున్నాడు, "రా తల్లీ, ఇప్పుడు అమ్మ మాట్లాడుతుంది చూడు."

పాప వచ్చి స్పీకరుకు చెవి ఆనించి నిలబడింది.